మూడో కేక

తగాదా కిరసనాయిలు దగ్గర మొదలైంది. ఒకవైపు ఆదోని కోటగేరి బాలికల హైస్కూలు లెక్కల టీచరు కమలాబాయి, మరోవైపు అదే బడి తెలుగు పండితుడు భీమసేనరావు. పోనీ అది నిజం కిరసనాయిలైనా కాదు. కంప్యూటరు లోపల, ఆట లోపల, లేని లాంతరులో పోసిన లేని నూనె. దానికోసం తల నెరిసిన పండితుడొకరూ, సర్వీసు ముదిరిన టీచరమ్మ ఒకరూ మొహాలు చూసుకోకుండా తిరుగుతున్నారంటే వినేవాళ్ళకు నవ్వే. కానీ ఆ తగాదాలో పస ఉంది.

ఆ ఏడు సర్కారు కొన్ని బళ్ళకు కంప్యూటర్లు ఇచ్చింది. కోటగేరి బడికీ ఒకటొచ్చింది. శిక్షణకు ఎవరు పోతారంటే మగ మాస్టర్లందరికీ ఆ వారమే పెళ్ళిళ్ళూ జ్వరాలూ వచ్చిపడ్డాయి. కమలాబాయి మాత్రం "నేను పోతాను" అంది. పోయింది, నేర్చుకుంది, ఇటుకంత పుస్తకం సంకలో పెట్టుకుని తిరిగొచ్చింది. వచ్చాక ఆ పెట్టె చేత ఎక్కాలు అప్పజెప్పించడానికి ఆమెకు మనసొప్పలేదు. ఎక్కాలు చెప్పడానికి తను లేదా? అందుకని ఆట ఒకటి కట్టింది. అందులో బొమ్మలుండవు, మాటలే. నువ్వెక్కడున్నావో తెర మీద రాసి వస్తుంది. నువ్వేం చేస్తావో మీటలు నొక్కి చెప్పాలి. 'తలుపు తెరువు' అంటే తలుపు తెరుచుకుంటుంది. ఆ తలుపు వెనక ఏముందో మళ్ళీ రాసి వస్తుంది. పెట్టెకు తెలుగు అక్షరాలు రావు కాబట్టి తెలుగు మాటల్నే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టింది. ఆ తెలుగును చూసి భీమసేనరావు కళ్ళు మూసుకుని కాసేపు హరినామం చేశాడు.

కథ ఆయనదే. మూతపడిన జిన్నింగు మిల్లు. లోపల చెల్లెలు తప్పిపోయింది. అక్క చేతిలో లాంతరు. చెల్లెల్ని వెతికి బయటికి తేవాలి. ఈలోగా మిల్లులో ఉన్నదేదో అక్కను వెతుకుతుంటుంది. ఆదోనిలో పత్తి మిల్లు తెలియని పిల్ల ఎవరు? సగంమంది తల్లులు మిల్లుల్లో పత్తి ఏరేవాళ్ళే. సీజనులో బడి కిటికీల్లోంచి కూడా దూది నూగు ఎగిరొచ్చి పుస్తకాల మీద వాలుతుంది.

"అడుగు అడుగుకూ నూనె తగ్గాల. నూనె అయిపోతే ఆట అయిపోవాల" అంది కమలాబాయి.

"భయమనేది కిరసనాయిలు లెక్క కాదు తల్లీ! ముందు ఆ చీకటిని వర్ణించనీ. దూది ఎట్లా ఎగురుతాందో, బెల్టులు ఎట్లా వేలాడతాండాయో, పాతబడిన నూనె వాసన..."

"మీ వర్ణన ఒక్కటే పెట్టెలో సగం చోటు తినేసింది పండితులుగారూ. ఇంక నా తలుపులు యాడ పెట్టేది? కూర్చుని వినేదానికైతే హరికథ చాలదా? ఈడ వాళ్ళు నడవాల."

"నడిచేదానికైతే వాకిట్లో తొక్కుడుబిళ్ళ చాలదా?"

ఎవరి మాట నెగ్గాలో పిల్లల్నే అడుగుదామని రెండు రకాలుగానూ ఆడించి చూశారు. కమలాబాయి లెక్కతో ఆడిన పిల్లలు నోటుబుక్కుల్లో మిల్లు పటం గీసుకుని, అడుగులు లెక్కపెట్టుకుని, "ఈ దెయ్యం వస్తే రెండడుగులు వెనక్కి పోతే సాలు టీచర్, అదే పోతాది" అన్నారు. దెయ్యం కాస్తా వైకుంఠపాళిలో పాము అయికూచుంది. భీమసేనరావు వర్ణనతో ఆడిన పిల్లలు మొదటి తెర భక్తిగా చదివారు. రెండోది పైపైన చదివారు. మూడోదానికి చదవకుండానే మీట నొక్కేశారు. కళ్ళద్దాల వెనక పండితుడి కళ్ళు చెమ్మగిల్లాయి. ఆమెకు గెలిచినట్టూ లేదు, ఆయనకు ఓడినట్టూ లేదు. ఇద్దరి ఆటా పండలేదు.

ఇద్దరూ ఒప్పుకున్న చోటు ఆటలో ఒక్కటే. మిల్లు చివర, దూది మోపులు కట్టే గది దాటాక, వెనక నుంచి ఎవరో ఆడేవాళ్ళను పేరు పెట్టి పిలుస్తారు. ఆట మొదట్లోనే 'నీ పేరేమి' అని పెట్టె అడుగుతుంది గదా, ఆ పేరే వాడి పిలుస్తుంది. 'పలుకు' అంటే ఒకటి, 'పారిపో' అంటే ఒకటి జరిగేట్టు కమలాబాయి రాసిపెట్టింది. కానీ అంతదూరం అప్పటికి ఏ పిల్లా చేరలేదు.

మొదట చేరింది హులిగమ్మ. పదో తరగతి. కౌతాళం పక్క పల్లె నుంచి వచ్చి హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. మాట తక్కువ, మీటల మీద వేళ్ళు మాత్రం చురుకు. ఆ పిల్ల కర్మో, కమలాబాయి కర్మో, హులిగమ్మ మోపుల గది దాటుతున్న నిమిషానే వాకిట్లో జీపు ఆగింది.

దిగినవాడు మద్దయ్య. జిల్లాలో కంప్యూటర్లన్నీ ఎట్లా వాడుతున్నారో చూడ్డానికి కర్నూలు నుంచి వచ్చిన అధికారి. ఇస్త్రీ చొక్కా, ఇస్త్రీ మాట. హెడ్మిస్ట్రెస్ సంతోషమ్మ కుర్చీ వేయించబోతే అక్కర్లేదని చేత్తోనే చెప్పి, పిల్లల వెనక వచ్చి నిలుచున్నాడు.

తెర మీద అక్షరాలు పడ్డాయి.

'వెనక ఎవరో ఉన్నారు. పిలుస్తున్నారు. హులిగమ్మా...'

కింద ప్రశ్న గుర్తు. దాని పక్కన గీత ఆరుతూ వెలుగుతూ ఉంది.

హులిగమ్మ మీటల మీద నుంచి రెండు చేతులూ తీసేసింది. ఒళ్ళో పెట్టుకుంది. ఒక చేతిని ఇంకో చేత్తో గట్టిగా పట్టుకుంది. చుట్టూ ఉన్న పిల్లలు గుసగుసలు మానేశారు. గదిలో ఫ్యాను చప్పుడొక్కటే వినపడుతోంది.

"ఊ, కానియ్యమ్మా" అన్నాడు మద్దయ్య.

హులిగమ్మ కదల్లేదు. గీత ఆరింది, వెలిగింది. ఆ పెట్టె సంగతి కమలాబాయికి తెలుసు. మనిషి మీట నొక్కేదాకా అది యుగాలైనా అట్లాగే కాచుకుని ఉంటుంది. అధికారి చేతిగడియారం చూసుకున్నాడు. సంతోషమ్మ కొంగుతో నుదురు తుడుచుకుంది.

"నొక్కవే" అంది కమలాబాయి నెమ్మదిగా. పిల్ల తల అడ్డంగా ఊపింది. కమలాబాయికి అరికాలి మంట నెత్తికెక్కింది. ఇన్నాళ్ళ కష్టం, అందరూ చూస్తుండగా, ఈ మొద్దు చేతిలో! పిల్ల భుజం మీదుగా వంగి, తన చేత్తోనే టకటకా 'పలుకు' అని కొట్టేసింది.

'పలికావు. అది నీ గొంతు గుర్తుపట్టింది. దూది మీద పడుతోంది. ఇంకా పడుతోంది. లాంతరు ఆరిపోయింది.' ఆట ముగిసింది.

హులిగమ్మ లేచి నిలబడింది. "నేను పలకల్యా టీచర్. మీరు పలికినారు" అంది. ఆ మాటతో పాటు ఏడుపూ వచ్చేసింది.

"చూశారుగా మేడమ్" అన్నాడు మద్దయ్య సంతోషమ్మ వైపు తిరిగి. "పిల్లలకు ఆ యంత్రాన్ని ముట్టుకోవడానికే భయం. వాళ్ళ తప్పని నేననను. కానీ వాడకం లేని చోట వస్తువు ఉంచడం న్యాయం కాదు. ఎమ్మిగనూరు మగపిల్లల బడి వాళ్ళు ఎప్పటినుంచో అడుగుతున్నారు."

"సార్, ఒక్క నెల..." అంది సంతోషమ్మ.

"సోమవారం అక్కడ ప్రారంభం పెట్టుకుందాం. ఈ టీచరుగారే వచ్చి వాళ్ళకు నడపడం చూపిస్తారు." చెప్పి జీపెక్కాడు. మన వేలితో మన కన్ను పొడుచుకోవడమంటే ఏమిటో కమలాబాయికి ఆ పూట తెలిసొచ్చింది. ఆ కోపం ఎవరి మీద చూపాలో తోచక హులిగమ్మ మీదే చూపింది.

"నీకు రాకపోతే లేచి ఇంకొకరికి చోటియ్యాల. నోట్లో మాట లేదా? నీ ఒక్కదానివల్ల బడికి వచ్చిన పెట్టె పోతాంది!"

పిల్ల ఏడుపు ఆపుకుని, పుస్తకాల సంచీ తీసుకుని హాస్టలు వైపు నడిచిపోయింది.

ఆ సాయంత్రం దీపాలు పెట్టే వేళకు కమలాబాయి వంటింట్లో బియ్యం ఏరుతోంది. కళ్ళు చేటలో ఉన్నాయేగానీ, మనసు ఆ గదిలోనే తిరుగుతోంది. అవతల దేవుడి గూటి ముందు తల్లి భీమాబాయి వత్తి ఎగదోస్తోంది. వీధిలో మసక పడింది.

"కమలా..."

వాకిలవతల నుంచి ఎవరిదో ఆడగొంతు. కమలాబాయి చెయ్యి చేటలోనే ఆగింది. దేవుడి దగ్గర తల్లి చెయ్యీ ఆగింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పలకలేదు.

"కమలా..."

చేటలో మెరిగ ఒకటి వేలికింద ఉంది. దాన్ని తీసి అవతల వెయ్యలేదు కూడా. వత్తి చిటపటమంది.

"కమలా! జల్లెడ ఉంటే ఇస్తావా? పిండి జల్లించుకోని ఇచ్చేస్తా!"

"ఓ! తెస్తాండా!" అంది కమలాబాయి. తల్లి మళ్ళీ వత్తి ఎగదోసింది. ఎదురింటి ఆమెకు జల్లెడ ఇవ్వడానికి కమలాబాయి నడవలోకి వచ్చి, నడవ మధ్యలో నిలబడిపోయింది.

మొదటి కేకకు తను ఎందుకు పలకలేదు? బి.ఎస్సీ. చదివింది. దెయ్యాలు లేవని ఏటా ఎనిమిదో తరగతి పిల్లలకు చెబుతుంది. చెబుతుందేగానీ, మాపటేళ పేరు పెట్టి పిలిస్తే మొదటి కేకకూ రెండో కేకకూ నోరు మూసుకునే ఉంటుంది. తల్లి అంతే. తల్లికి తల్లి అంతే. ఒట్టి పేరు పట్టి పిలిచేదానికి పలికితే ప్రాణం దానివెంట పోతుంది. అది మూడోసారి పిలవజాలదు. మూడోసారి పిలిచేది మనిషే. ఈ సంగతి ఎవరూ కూర్చోబెట్టి నేర్పింది కాదు, అన్నం తినడం నేర్చుకున్నట్టే వచ్చేసింది. మరి కౌతాళం పక్క పల్లె పిల్లకు రాదా?

హులిగమ్మ భయపడి ఆగిపోలేదు. ఆడుతోంది! ఆ గదిలో ఆటను ఆటగా ఆడింది ఆ పిల్ల ఒక్కతే. ఆ కేకకు పలకడమో పారిపోవడమో తప్ప ఇంకో దారి ఉందని పెట్టెకు తెలియదు, ఎందుకంటే రాసిన తనకే తట్టలేదు. పైగా పిల్ల నోరు మూసుకుని ప్రాణం కాపాడుకుంటుంటే, భుజం మీదుగా వంగి, దాని పేరున తను పలికి, దాన్ని చంపేసింది. ఆపైన నోట్లో మాట లేదా అని తిట్టింది. కమలాబాయికి నిలువునా సిగ్గేసింది.

"జల్లెడ ఇస్తావా, ఇయ్యవా?" అంది వాకిట్లోంచి ఎదురింటామె.

మర్నాడు పొద్దున్నే హాస్టలుకు పోయింది. హులిగమ్మ లేదు. వాళ్ళ నాయన, బజారి అనే ఆయన, వచ్చి తెల్లారగానే బస్సెక్కించుకుని పోయాడని చెప్పారు. "పత్తి విడిపించేదానికి మనుషులు కావాలంట టీచర్. ఎప్పుడూ రానంటాండె. ఈసారి తానే, పోదాం పా నాయనా అన్నింది" అంది హాస్టలు వార్డెను. "పెట్టె నా వల్లనే పోతాంది, బడికి యా మొగం పెట్టుకోని పోయేది అని రాత్రంతా ఒకటే ఏడుపు."

కమలాబాయి అట్నుంచటే భీమసేనరావు ఇంటికి నడిచింది. ఆయన అరుగు మీద కూర్చుని కళ్ళద్దాలు తుడుచుకుంటున్నాడు. తగాదా తర్వాత ఆమె గడప తొక్కడం అదే మొదలు.

"పండితులుగారూ, మాపటేళ ఎవరన్నా మిమ్మల్ని పిలిస్తే ఎన్నో కేకకు పలుకుతారు?"

"మూడో కేకకు. ఎందుకు?"

"మరి ఆటలో మొదటి కేకకే పలకమని ఎట్లా రాసినారు?"

ఆయన తుడవడం ఆపాడు. కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. "పలకమని రాసింది నువ్వు గదమ్మా" అన్నాడు.

"అవును, నేనే. మీ కేకను మీరు కథ అనుకున్నారు, నా మీటను నేను లెక్క అనుకున్నా. ఆ పిల్లకు రెండూ ఒకటే. పలకగూడదు అనేది కథా పండితులుగారూ, లెక్కా?"

భీమసేనరావు అరుగు దిగి చెప్పులేసుకున్నాడు. "పద, బడికి" అన్నాడు.

శని ఆదివారాలు రెండూ ఆ గదిలోనే గడిచాయి. మనిషి మీట నొక్కేదాకా ఊరికే పడి ఉండకుండా, ఇంతసేపు చూసి ఇంక చాలని తనంతట తానే ముందుకు పోయేట్టు పెట్టెకు చెప్పే మాట ఒకటి ఆ ఇటుకలాంటి పుస్తకంలో ఉంది. కమలాబాయి దాన్ని పట్టుకుంది. ఇప్పుడు కేక పడ్డాక ఏ మీటా నొక్కకపోతే, అది ఊరికే ఉండటం కాదు. అదే ఆటలో ఎత్తు. కానీ ఊరికే ఉన్నంతసేపూ లాంతరులో నూనె తగ్గుతుంది, తగ్గడం తెర మూలన కనపడుతుంది. ఆ నూనె లెక్కను ఈసారి భీమసేనరావే ఉంచమన్నాడు. "ఉండనీ తల్లీ. దీపం తగ్గుతా ఉంటేనే గదా మౌనం బరువు తెలిసేది!"

"కేకకూ కేకకూ నడుమ ఏం రాస్తారు?"

"ఏం రాయమంటావు?"

"ఏమీ రాయొద్దు."

"అది రాసేదే కష్టం" అన్నాడాయన. అని, ముప్పయ్యేళ్ళుగా పిల్లలకు వర్ణన అంటే ఏమిటో చెప్పిన మనిషి, తన వర్ణనలు ఒక్కొక్కటే కొట్టేస్తూ పోయాడు. బెల్టులు పోయాయి, వాసన పోయింది. 'దూది పడుతోంది' అన్నది మాత్రం మిగిలింది. పెట్టెలో చోటే చోటు.

మూడో కేక దగ్గర మళ్ళీ ఇద్దరూ ఆగారు. మొదటి రెంటికీ పలక్కుండా ఉన్నవాళ్ళు మూడోదానికీ పలక్కుండా కూర్చుంటే? అప్పుడు నిజంగా పిలిచిన చెల్లెలు మిల్లులోనే ఉండిపోవాలి. అంటే మూడోదానికి పలికి తీరాలి. అది మనిషి కేకని ఆడేవాళ్ళకు ఎట్లా తెలిసేది?

కమలాబాయికి జల్లెడ గుర్తొచ్చింది. "దెయ్యానికి పేరొక్కటే తెలుస్తుంది. మనిషైతే పని చెబుతుంది" అంది.

భీమసేనరావు కలం కింద పెట్టాడు. "ఇన్నాళ్ళూ నీకు లెక్కలే వచ్చనుకున్నానమ్మా" అన్నాడు.

సోమవారం పొద్దున జీపులో పెట్టె ముందు పోయింది. వెనక బస్సులో వీళ్ళిద్దరూ పోయారు. ఆట ఉన్న టేపు క్యాసెట్టు కమలాబాయి సంచిలో ఉంది. మగపిల్లల బడి గదా అని అందులో 'అక్క' అన్నచోటల్లా 'అన్న' అని మార్చి పెట్టింది. దానికి ఎండ తగలకుండా పైన తువ్వాలు కప్పింది. భయమైతే ఆమెకు లేదు. బాకీ ఉంది. హులిగమ్మ బాకీ ఎమ్మిగనూరులో ఎట్లా తీర్చాలో ఆమె బస్సులోనే అనుకుంది.

ఎమ్మిగనూరు బడి గదిని మామిడాకులు కట్టి సింగారించారు. దుమ్ము పడుతుందని కిటికీలు మూసేశారు. పక్క వీధిలో మగ్గాల చప్పుడు గోడల్లోంచి వస్తోంది. ఎవరో ఉత్సాహవంతుడు టెంకాయ కొట్టి, పసుపు కుంకుమ పళ్ళెంతో పెట్టె మీదికి వస్తుంటే కమలాబాయి అడ్డం పడి, బల్ల కాలికి పెట్టించింది. టేపు కీచుకీచుమంటూ ఎక్కింది. మగపిల్లలు నవ్వారు.

"ప్రారంభం మీ చేతుల మీదుగా కావాల సార్" అంది కమలాబాయి మద్దయ్యతో.

ఆయన కుర్చీలో సర్దుకుని కూర్చున్నాడు. 'నీ పేరేమి?' అని అడిగింది పెట్టె. ఒక్క వేలితో వెతుక్కుంటూ, మద్దయ్య అని కొట్టాడు. లాంతరు తీసుకున్నాడు. తలుపు తెరిచాడు. మొదట్లో నవ్వుతూనే ఆడాడు. పత్తిలో గింజ తీసే జిన్ను యంత్రాల వరసలో ఒకసారి దారి తప్పి, నూనె తగ్గుతుంటే "అరెరే" అన్నాడు. ఆ తర్వాత నవ్వు తగ్గింది. మోపుల గది దాటాడు.

'దూది పడుతోంది. వెనక ఎవరో ఉన్నారు.

మద్దయ్యా...'

మద్దయ్య వేలు మీట దాకా పోయి గాల్లోనే ఆగింది. కమలాబాయి ఆ వేలునే చూస్తోంది. అది నెమ్మదిగా వెనక్కి వచ్చింది. తర్వాత రెండో చెయ్యి కూడా వచ్చింది. రెండు చేతులూ ఒళ్ళోకి చేరాయి.

"నొక్కండి సార్, ఏదో ఒకటి నొక్కాల" అని ఆ బడి హెడ్మాస్టరు మీటల మీదికి చెయ్యి చాచాడు.

మద్దయ్య ఠక్కున ఆ చెయ్యి పట్టుకున్నాడు. "ష్! ఊరుకోప్పా!" అన్నాడు. ఆ గొంతులో ఇస్త్రీ లేదు.

తెర మూలన నూనె తగ్గుతోంది. ఇందాక నవ్విన మగపిల్లల్లో ఒకడు పక్కవాడి చొక్కా పట్టుకున్నాడు. గోడవతల మగ్గం ఒకటి ఆగింది.

'మద్దయ్యా...'

మద్దయ్య ఊపిరి కూడా బిగబట్టి కూర్చున్నాడు. మెడమీద చెమట పట్టింది. నూనె ఇంకా తగ్గింది. దీపం ఆరిపోతుందేమోనని భీమసేనరావు, అది రాసిన మనిషే, కమలాబాయి వైపు బెదురుగా చూశాడు. ఆమె కళ్ళతోనే ఉండమంది.

'మద్దయ్యన్నా! నా కాలు మోపు కింద ఇరుక్కునింది. దీపం ఇట్ల పట్టు!'

"ఓ!" అన్నాడు మద్దయ్య పైకే. అన్న తర్వాత గుర్తొచ్చి, 'పలుకు' అని కొట్టాడు. చెల్లెలు దొరికింది. తలుపు తెరుచుకుంది. బయట తెల్లవారుతోందని తెర మీద రాసి వచ్చింది. పిల్లలందరూ ఒక్కసారి ఊపిరి వదిలి చప్పట్లు కొట్టారు.

మద్దయ్య మాత్రం తెర ముందు నుంచి లేవలేదు. జేబురుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు. "మాది చిప్పగిరి పక్క పల్లె" అన్నాడు ఎవరితోనో అన్నట్టు. "మా అవ్వ ఉండేది. మాపటేళ మేము పలకబోతే నోటికి చెయ్యి అడ్డం పెట్టేది." జేబురుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. "ఆ పొద్దు ఆదోనిలో ఆ పాప..."

"ఆడతాండె సార్" అంది కమలాబాయి. "మీరు ఇప్పుడు ఎట్లా ఆడినారో, అట్లనే. ముట్టేదానికి భయపడి కాదు. దాని పేరున పలికి చెడగొట్టింది నేను, దాన్ని చూసి తీర్పు చెప్పింది మీరు. మాటలు పడింది మాత్రం అది."

హెడ్మాస్టరు ఉలిక్కిపడ్డాడు. అధికారితో అట్లా మాట్లాడేవాళ్ళను ఆయన చూసి ఉండడు. మద్దయ్య తల వంచుకుని విన్నాడు.

"ఆ పాప యాడుండాదమ్మా?"

"పత్తి చేన్లో సార్."

మద్దయ్య లేచాడు. ఆ మాటకొస్తే చేసిన ఉత్తరువు దిద్దుకోవడానికి వెనకాడే రకం కాదాయన. ఎమ్మిగనూరుకు ఇంకో పెట్టె వచ్చే విడతలో వస్తుందనీ, ఇది ఆదోనికే తిరిగి పోవాలనీ అక్కడే చెప్పేశాడు. హెడ్మాస్టరు మొహం చిన్నబోయింది. మామిడాకులు కట్టిన పిల్లల మొహాలు అంతకంటే చిన్నబోయాయి. వాళ్ళను చూసి కమలాబాయికి మనసు చివుక్కుమంది. "మీ పెట్టె వచ్చిన పొద్దు ఈ ఆట నేనే తెచ్చి ఎక్కిస్తా. ఈసారి మగ్గాలింటి కథ రాస్తారు మా పండితులుగారు" అంది. భీమసేనరావు ఇదెప్పుడు ఒప్పుకున్నానన్నట్టు చూశాడుగానీ, కాదనలేదు.

మరునాడు కమలాబాయి కౌతాళం బస్సెక్కింది. దిగి, కాలవ గట్టు పట్టుకుని దారి అడుగుతూ నడిచింది. ఎండ నడినెత్తికొచ్చింది. పత్తి చేను తెల్లగా విచ్చుకుని ఉంది. అందులో అక్కడక్కడా వంగిన వీపులు, నడుములకు కట్టిన ఒడిసంచులు. దూరంగా ఎర్ర ఓణీ ఒకటి కనపడింది.

"హులిగమ్మా!"

ఎర్ర ఓణీ చేతులు ఆగాయి. తల పైకి లేవలేదు. వెంటనే మళ్ళీ పత్తి విడిపించడం మొదలుపెట్టింది.

వినపడింది. తప్పకుండా వినపడింది. కోపమా? తను తిట్టిన తిట్లు అట్లాంటివి, కోపం రావడం న్యాయమే. లేక మాపటేళ లాగే మిట్టమధ్యాహ్నం చేలో పేరు పట్టి పిలిస్తే పలకగూడదనా? పిల్ల ఏది ఆలోచిస్తోందో కమలాబాయికి తెలియలేదు. గట్టు మీద చెప్పులు విడిచి చేలోకి దిగుదామనుకుంది. తోసుకుని పోయి భుజం పట్టుకోవడం ఇంకోసారి వద్దనుకుని ఆగింది.

"హులిగమ్మా!"

పక్క సాలులో ఉన్న బజారి నడుమెత్తి చూశాడు. ఎవరో టీచరమ్మ వచ్చిందని గుర్తుపట్టి కూతురితో ఏదో అనబోయాడు. హులిగమ్మ చెయ్యెత్తి నాయన్ను ఆగమంది. తల మాత్రం ఇంకా వంచుకునే ఉంది.

అది చూసి కమలాబాయికి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. కొంగు నడుముకు దోపుకుని, రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుంది. క్లాసులో ఎప్పుడూ ఎత్తనంత గొంతెత్తింది.

"హులిగమ్మా! పెట్టె మన బడికే తిరిగొచ్చింది! ఆ పొద్దు పలికింది నేనే, తప్పు నాది! మన బడిలో ఆటను చివరిదాకా ఆడేవాళ్ళు లేరు, దీపం పట్టుకోవాల, రా!"

పత్తి చేను మధ్యలో ఎర్ర ఓణీ నిటారుగా లేచి నిలబడింది.

"ఓ..! వస్తాండా టీచర్!"